కొలతల పుస్తకంలో యుద్ధం

మేడ మీద గదిలో ఉండే కుట్టుపనామె ఆదివారాలు జూదం ఆడిస్తోందని వీధంతా కోడై కూసింది. పాచికల చప్పుడు నిజం. "పొడిచెయ్, వదలకు!" అనే కేకలూ నిజమే. పైసా చేతులు మారిందన్నది మాత్రం పచ్చి అబద్ధం. దాన్ని పుట్టించినవాడు ఇనుప సామాన్ల కొట్టు యజమాని.

కొట్లో మేకులు తూచే ఆ మనిషి, ఏడాదికోసారి మైదానంలో దండనాయకుడు. ఎప్పటిదో పాత యుద్ధాన్ని, ఆనాటి దుస్తుల్లోనే, జరిగింది జరిగినట్టు ఆడి చూపించే బృందానికి పెద్ద. వాళ్ళకి అంగీలు కుట్టడానికి వెళ్ళి ఆమె కూడా ఆ పిచ్చి అంటించుకుంది. ఆరేళ్ళు సైనికుడి వేషం కట్టింది. ఆరేళ్ళూ అదే కందకం దగ్గర, అదే బాణానికి చచ్చింది.

"ఒక్కసారి తల వంచి తప్పించుకుంటే ఏమవుతుందండీ?" అని అడిగింది ఓసారి.

"చరిత్రలో నువ్వు చచ్చావు. నోర్మూసుకుని చావు."

ఆ కాలంలో కుట్టుమిషను లేదు కనుక అంగీలన్నీ చేతికుట్టే ఉండాలని అక్కడ నియమం. నలభై మందికి కుట్టేసరికి ఆమె వేళ్ళు బొబ్బలెక్కాయి. తన అంగీకి మాత్రం, లోపలి అస్తరు ఎవరు చూడొచ్చారులే అని, మిషను మీద లాగించేసింది. దండనాయకుడు చూశాడు. అంగీ విప్పించి, తిరగేసి, కర్రకి తగిలించి అందరి ముందూ ఊపాడు.

"ఇంటికి పోయి దిండు గలీబులు కుట్టుకో!"

ఆమె చేత్తో కుట్టిన నలభై అంగీలూ పకపకా నవ్వాయి.

ఆ మంట చల్లారకముందే, కొలతల పుస్తకం వెనక పేజీల్లో తన యుద్ధాన్ని ఒక ఆటగా రాసుకుంది. ఆదివారాలు గదిలో బల్ల మీద పటం పరిచి, ఆమె కథ నడుపుతుంది. మందుల షాపాయన, బస్సు కండక్టరు, లెక్కల టీచరమ్మ తలా ఒక సైనికుడు. ఏం చేస్తారో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. బతుకూ చావూ దాన్నిబట్టే. కత్తి పైకెత్తితే ముందు చంక కుట్టు నిలుస్తుందో లేదో పాచిక వేయాలి. అలాంటి నియమం దర్జీకి తప్ప ఇంకెవరికి తడుతుంది?

ఆ ఆటలో ఆమె పెట్టిన దండనాయకుడు రెండుసార్లు చంక చిరిగి కందకంలో పడ్డాడని ఇనుప కొట్టుదాకా పాకింది. జూదం మాట అప్పుడే పుట్టింది. ఆ మేడ అతని బావమరిదిది. "నెలాఖరుకి ఖాళీ చెయ్" అని కబురొచ్చింది. పదకొండేళ్ళ గది, కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించగల వెలుతురున్న కిటికీ.

నాలుగు రోజులకి అతనే మెట్లెక్కి వచ్చాడు.

"పాతవి చివికిపోయాయి. మళ్ళీ నలభై అంగీలు కావాలి. ఈ వెర్రి ఆట మానెయ్. గది సంగతి బావమరిదితో నేను మాట్లాడతా."

జవాబు కోసం ఆగకుండా దిగిపోయాడు. సొంత ఇంటి వసారా వదిలొచ్చి మెట్ల మీద చెవులు రిక్కించుకుని నిలబడ్డ ఎదురింటి పిన్ని, గబగబా లోపలికొచ్చింది.

"ఏమే, కుడతావా? గది నిలుస్తుందే పిచ్చిదానా!"

కుట్టుపనామె పళ్ళ మధ్య ఉన్న సూది తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"కుట్టను పిన్నీ. ఆయన యుద్ధానికి మైదానం కావాలి, నలభై అంగీలు కావాలి. నాది చేతిసంచిలో పట్టేస్తుంది. మీ ఇంట్లో ఆ పెద్ద బల్ల ఆదివారాలు ఖాళీయేగా?"