సాయిదుర్గకు ‘నువ్వు’ దొరికింది

భీమవరం అవతల, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ ఊళ్ళో సాయిదుర్గను తెలియనివాళ్ళు లేరు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె చంద్రరావు గారి భార్య. కొన్నాళ్ళకి, చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు ఆగిపోతే మెకానిక్కు రాకముందే ఎందుకు ఆగిందో చెప్పగల ఆవిడ. ఈ రెండేళ్ళుగా మాత్రం ‘ఎమ్మే ఇంగ్లీషు గారు’. ఆ గారులో కాస్త వెటకారం ఉన్న మాట నిజమే. గోదావరి జిల్లాల్లో వెటకారమైనా మర్యాద తప్పదు. చెరువు మీద వాలిన కొంగల్ని తోలే మనిషి కూడా ‘ఇంక లేవండి బాబూ, ఎంతని తింటారు’ అంటాడు. ఈ మర్యాద సంగతి కొంచెం గుర్తుంచుకోవాలి. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సాయిదుర్గ పుట్టిల్లు అత్తిలి దగ్గర. ఇంటరు కాగానే పెళ్ళయింది. ఆ తరువాత చాలాకాలం ఆమెకి దొరికిన ఇంగ్లీషంతా మేత బస్తాల మీదా, చెరువు మందుల డబ్బాల మీదా ఉన్నదే. అదీ వదలకుండా చదివింది. కానీ ఆ వాక్యాలన్నీ ఒకటే ధోరణి: ఇది కలుపు, అది కలపకు, ఎండ తగలనివ్వకు. ఏ పనీ చెప్పని వాక్యాలు, ఊరికే చదువుకోవడానికి రాసిన వాక్యాలు, ఇంగ్లీషులో ఎలా ఉంటాయో చూడాలని ఆమెకి బెంగ. మనిషికి ఎన్నో రకాల ఆకలి ఉంటుంది. ఇదీ ఒకటి. బయటికి కనిపించదు, అంతే. దూరవిద్యలో డిగ్రీ కట్టి పాసయింది. ముప్పై తొమ్మిదో ఏట పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే రాజమండ్రిలో సీటు వచ్చింది.

చంద్రరావు మంచివాడు. అడ్డుచెప్పలేదు గానీ అతనికి అర్థమూ కాలేదు. ఇంగ్లీషు మాట్లాడ్డం కావాలంటే భీమవరంలోనే కోచింగు సెంటర్లు బోలెడున్నాయి కదా అన్నాడు.

“మాట్లాడ్డానికి కాదండి, చదవడానికి,” అంది సాయిదుర్గ.

మొదటిరోజు క్లాసులో పిల్లలంతా లేచి నిలబడ్డారు, కొత్త మేడమ్ అనుకుని. సంగతి తెలిశాక ఆంటీ అన్నారు. ఆమె నోట్సు చేతులు మారడం మొదలయ్యాక అక్క అయింది. అందరిలోకీ దగ్గరైంది తబిత. తణుకులో రైలెక్కే పిల్ల, సాయిదుర్గ వయసులో సగం. మాటకారి. పొద్దున్నే భీమవరంలో ఎక్కి సాయిదుర్గ పట్టిన కిటికీ సీటు పక్కన తబితకి ఎప్పుడూ చోటుండేది. నిడదవోలు వచ్చేసరికి పద్యమో, కొవ్వూరు వచ్చేసరికి నాటకంలో ఒక రంగమో అయిపోయేది. రైలు పెట్టెను మించిన గ్రంథాలయం లేదని తిరిగినవాళ్ళకి తెలుసు. అందులో పుస్తకాన్నీ మనల్నీ ఒకేసారి ఎవరో మోసుకుపోతుంటారు.

ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు. సాయిదుర్గ నాలుగు వందల ఏళ్ళ నాటి ఒక ఇంగ్లీషు నాటకం చివరి అంకాన్ని తెలుగు చేస్తానంది. ఇప్పుడెవరూ ఆడని నాటకం అది. కథ చిన్నదే. ఒక న్యాయాధికారి భయపడి, భార్య తమ్ముడి మీదే అబద్ధపు సాక్ష్యం చెబుతాడు. ఊరు వెలివేస్తుంది. తిరిగి తిరిగి, చివరికి వానలో సొంత ఇంటి గుమ్మం ముందు నిలబడతాడు. భార్య తలుపు తీసి ఒక్క మాట అంటుంది: ‘కమ్ దౌ ఇన్’. అంతటితో తెర పడుతుంది.

అప్పటి ఇంగ్లీషులో మనకున్నట్టే రెండు పిలుపులు ఉండేవి, యూ అనీ దౌ అనీ. తరువాత్తరువాత ఆ జాతి మొత్తం ఏమనుకుందో ఏమో, ఒక పిలుపును అటకెక్కించి యూతోనే సరిపెట్టుకుంది. ఆ నాటకంలో భార్య నాలుగు అంకాలూ, చివరి అంకంలో కూడా ఆఖరి దాకా, భర్తను యూ అనే అంటుంది. గుమ్మంలో మాత్రం దౌ అంటుంది. ఎందుకు మార్చింది? అది తెలుగులో ఏమవుతుంది?

ఇక్కడే సాయిదుర్గ పొరపడింది. తబిత వాళ్ళ చర్చిలో ఇంగ్లీషు ప్రార్థన ఉన్నప్పుడు దేవుణ్ణి దౌ అంటారట. దేవుడికే వాడే మాటంటే మీరు కంటే కూడా పై మెట్టు అయి ఉండాలి కదా అనుకుంది. పాఠ్యపుస్తకం వెనక దౌ గురించి ఏదో ఉన్నా, దేవుడికి మించిన సాక్ష్యం ఏముంటుందని అటు చూడలేదు. ‘తమరు లోపలికి దయచేయండి’ అని రాసింది. గైడు సూర్యప్రకాశం గారు ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు. ఆమె దేవుడి వాదన వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, వాదన బాగానే ఉందమ్మా, మీ మనసు ఒప్పుకుంటే ఉంచండి అన్నారు. మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ గడువు దగ్గరపడింది. ప్రాజెక్టు బైండై ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది వైవా. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుంది. అది గట్టెక్కితే ఎమ్మే చేతికి వచ్చినట్టే.

వైవా రోజు పొద్దున్న సాయిదుర్గ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. దేవుడి గదిలో అత్తగారు మాణిక్యాంబ దీపం పెట్టి మాట్లాడుతోంది. ఆవిడ పూజ సగం స్తోత్రం, సగం పంచాయితీ.

“ఇదిగో చూడు. మా కోడలికి ఇవాళ పెద్ద పరీక్ష. నువ్వు రోజూలా నైవేద్యం తిని పడుకుంటే కుదరదు. వెళ్ళి పక్కన కూర్చో. అది తడబడితే కాస్త అందించు.”

సాయిదుర్గ చేతిలో పిన్నీసు అలాగే ఉండిపోయింది. గుమ్మం దాకా వచ్చింది.

“అత్తయ్య గారూ, మేత కొట్టు కుర్రాణ్ణి కూడా మీరు అండీ అంటారు కదా. ఆయన్నేంటి, నువ్వు అంటున్నారు?”

మాణిక్యాంబ వెనక్కి తిరిగి, కోడలికి పరీక్ష భయంతో మతి చలించిందేమోనన్నట్టు చూసింది.

“దేవుణ్ణా? మీరు అనడానికి ఆయనేమన్నా పరాయివాడా?”

అంతే. అత్తగారు మళ్ళీ గంట అందుకుంది. సాయిదుర్గకి మాత్రం ఆ గంట తన తలలో మోగినట్టయింది. ఆ పిన్నీసు ఎక్కడ పెట్టిందో, స్టేషనుకి ఎలా చేరిందో తెలియదు. దారంతా తెలిసిన దేవుళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిచి చూసింది. వెంకన్న నువ్వే. సామర్లకోట భీమేశ్వరుడు నువ్వే. గ్రామదేవత సరేసరి, ఏకంగా ‘ఏమే తల్లీ’. పుట్టినప్పటి నుంచీ నోట్లో నానుతున్న మాట, ఇంగ్లీషు ఎమ్మే దాకా వస్తే గానీ చెవిన పడలేదు.

తణుకులో తబిత ఎక్కగానే చెయ్యి పట్టుకుంది.

“తబితా, మీ తెలుగు ప్రార్థనలో దేవుణ్ణి ఏమంటారు?”

“నీవు అంటామక్కా. ప్రభువా, నీవే మాకు తోడు. ఏం?”

“మరి దౌ అంటే తమరని చెప్పావేంటి?”

“నేనెప్పుడన్నానక్కా? దేవుణ్ణి దౌ అంటామన్నాను. ‘తమరు’ అన్నది మీరే కలుపుకున్నారు.”

సాయిదుర్గ నవ్వడం మొదలుపెట్టింది. ఎదుటి బల్ల మీద మామిడికాయల బుట్టతో కూర్చున్న ముసలాయన కూడా, కారణం తెలియకపోయినా, నవ్వాడు. పైపెచ్చు తమరు దయచేయండి అంటే మన వైపు అర్థమేంటి? చేసిన నిర్వాకం చాలు, వచ్చారా మహానుభావా అని. తన అనువాదంలో ఆ ఇల్లాలు అంతవరకూ ఓర్చుకుని, చివర్లో మొగుణ్ణి ఎత్తిపొడిచి తెర దించేసింది. నాటకం మొత్తం తలకిందులైపోయింది.

తబితకి అసలు ప్రమాదం అర్థమై గొంతు తగ్గించింది. వైవాలో ఆ పేజీ ఊసే ఎత్తద్దంది. బైండయిన పుస్తకం, పరీక్ష చేసే ఆవిడ చదివే ఉండదు, అడిగిన దానికి చెప్పి వచ్చేయమంది. ఇప్పుడు తప్పని తనే చెబితే మళ్ళీ ఏడాది ఆగాలంటారేమో. ఇంట్లో ఏమని చెబుతారు, అక్కా?

రైలు గోదావరి వంతెన మీదికి వచ్చింది. జనం కిటికీల్లోంచి చిల్లర విసురుతున్నారు, దండాలు పెడుతున్నారు. మామిడికాయల ముసలాయన కూడా చేతులు జోడించాడు. “అమ్మా, నువ్వు చల్లగా ఉండు,” అన్నాడు నీళ్ళకేసి చూసి.

సాయిదుర్గ తబిత వైపు తిరిగింది. విన్నావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. ఇది కడుపులో దాచుకుని కూర్చోవడం తన వల్ల కాదు.

పరీక్షకురాలు ఉమాశ్రీ గారు నెమ్మదైన మనిషి. ముందు నాటక కాలం గురించీ, వేదిక గురించీ ఇంగ్లీషులో అడిగారు. సాయిదుర్గ తడబడకుండా చెప్పింది, ఒకటి రెండుచోట్ల యెస్ మేడమ్ అండీ అన్నది తప్పితే. ఇక వెళ్ళవచ్చన్నట్టు ఉమాశ్రీ గారు పుస్తకం మూశారు. గట్టెక్కినట్టే. సాయిదుర్గ లేవలేదు.

చివరి వాక్యం తప్పు చేశానని తనే చెప్పింది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది గానీ, అత్తగారి దేవుడి గది దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగిపోయింది. ఉమాశ్రీ గారు మూసిన పుస్తకం మళ్ళీ తెరిచారు. సూర్యప్రకాశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో మునిగిపోయారు.

ఉమాశ్రీ గారు కూడా తెలుగులోకి వచ్చారు. “కానీ అమ్మా, ఆ రోజుల్లో కోపం వచ్చినా దౌ అనేవాళ్ళు. దగ్గరితనంతోనే అందని ఎలా చెబుతారు?”

“చెప్పలేనండి. తెలుగులో ‘నువ్వు’ కూడా అంతే కదండీ. మావైపు ఆడది మొగుణ్ణి నువ్వు అందంటే ఒళ్ళు మండి అనాలి, లేదంటే మరీ దగ్గరైపోయి అనాలి. ఆ వానలో నిలబడ్డ మనిషికి ఆ రెండిట్లో ఏదో తెలియకూడదు. తెలియకుండానే లోపలికి అడుగు పెట్టాలి. తమరు అంటే అతనికి తెలిసిపోతుందండి.”

“అయితే ఇప్పుడు ఏమని రాస్తారు?”

“నువ్వు లోపలికి రా.”

ఉమాశ్రీ గారు ఆఖరి పేజీ నుంచి వెనక్కి నాలుగైదు పేజీలు తిప్పారు. తరువాత తీర్పు చెప్పారు: ఇలాగైతే ఈ పుస్తకానికి మార్కులు వెయ్యను. ఆ ఒక్క మాట మారితే ముందున్న మీరులన్నిటి బరువూ మారుతుంది. అంకం మొత్తం మళ్ళీ చూసుకుని తిరగరాసి తెండి, అప్పుడు వేస్తాను.

బయట తబిత గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది. ఏమన్నారని అడిగితే సాయిదుర్గ, మళ్ళీ మొత్తం రాయమన్నారే అని, సీటొచ్చిన రోజు కూడా అంత సంబరపడని మనిషి, ఆ పిల్లని పట్టుకుని గిర్రున తిప్పేసింది.

తిరుగు రైలు దిగేసరికి భీమవరం స్టేషను బయట చంద్రరావు బండి మీద సిద్ధంగా ఉన్నాడు. చొక్కాకి మేత వాసన. ముఖంలో వెయ్యి ప్రశ్నలు, అడగడానికి మొహమాటం. సాయిదుర్గ వెనక కూర్చుంది. చెరువుల మీంచి గాలి వీస్తోంది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ వీపుతో ఏవండీ అనే మాట్లాడింది. మాట నోటి దాకా వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది.

“నువ్వు భోంచేశావా?”

బండి ఒక్క కుదుపుతో గట్టు పక్కన ఆగింది. చంద్రరావు మెల్లగా వెనక్కి తిరిగాడు. ముఖం పాలిపోయింది.

“ఏమైంది? నేనేమన్నా తప్పు చేశానా?”

సాయిదుర్గ నవ్వు ఆపుకోలేక అతని భుజం మీద తల ఆనించింది. అత్తగారి దేవుడు, వానలో మొగుడు, ఉమాశ్రీ గారు, అన్నీ కలగాపులగంగా చెప్పింది. అతనికి ఎంత అర్థమైందో గానీ, రంగు మాత్రం తిరిగి వచ్చింది. బండి స్టార్టు చేసి కొంతదూరం పోనిచ్చాడు. ఊరి మలుపు ముందు, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“ఇందాకటి ముక్క ఇంకోసారి అనండి.”