తాక్ గుమాస్తా గారి ఇరవై మూడు సమాధులు

హ్వాంగోల్ లోయలో మీరెక్కడ కాలు పెట్టినా అది తాక్ గుమాస్తా గారి పూర్వీకుల్లో ఎవరో ఒకరి గుండెల మీద పెట్టినట్టే. ఆయన అలాగే అరిచేవారు.

"ఏయ్! దిగు! అది మా ముత్తాత!"

"ముత్తాతది మొన్న వాగు పక్కన అన్నారు కదండీ?"

"అది పెద్ద ముత్తాత. ఇది చిన్న ముత్తాత. దిగు ముందు, తర్వాత వంశవృక్షం చెబుతా!"

జిల్లా కచేరీలో ఆయన పెద్ద గుమాస్తా, నేను చిన్న గుమాస్తాని. గుర్రపు వెంట్రుకల టోపీ నెత్తిన, పార భుజాన వేసుకుని రోజూ తెల్లారగానే కొండెక్కేవారు. పాతబడి చదునైపోయిన సమాధుల్ని వెతికి, మళ్ళీ మట్టి పోసి, పచ్చిక పరిచేవారు. మొదటి ఏడాది ఆయన తాతలు తొమ్మిది మంది. రెండేళ్ళు తిరిగేసరికి పద్దెనిమిది మంది అయ్యారు.

"మీ వంశంలో పుట్టినవాళ్ళ కన్నా పోయినవాళ్ళే ఎక్కువలా ఉన్నారండీ," అన్నాను ఒకసారి.

ఆ రోజంతా నా మీద అరుస్తూనే ఉన్నారు.

ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం మాన్‌పో పెద్దమ్మ. మాన్‌పో ఆవిడ పుట్టినూరు; మా వైపు పెళ్ళైన ఆడవాళ్ళని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తాం. ఒంటరి మనిషి, కొండ వాలులో చిన్న ఇల్లు, ఇంటి ముందు జొన్నచేను. ఆ ఇంటి వెనక దిబ్బ తన నాయనమ్మదని గుమాస్తా గారు ఒక రోజు ప్రకటించారు. పెద్దమ్మ దాని మీద చాప పరిచి మిరపకాయలు ఆరబోసేది. ఇక చూడండి.

"ఏమ్మా మాన్‌పో! మా నాయనమ్మ మీద మిరపకాయలా?"

"ఎండ అక్కడే తగుల్తోంది మరి. మీ నాయనమ్మని అటు జరగమనండి!"

"ఆవిడకి కారం పడదు!"

"ఇప్పుడు తినిపిస్తున్నానా ఏంటి? మా ఆయన పోయేదాకా ఇక్కడ నాయనమ్మా లేదు, అమ్మమ్మా లేదు. దిక్కులేనిదాన్నని మీకూ అలుసైపోయానా?"

సంత రోజుల్లో అయితే ఈ పోట్లాట చూడడానికి జనం గంపలు దించుకుని మరీ నిలబడేవారు. గుమాస్తా గారు సంత రోజే చూసుకుని ఎందుకు వెళ్ళేవారో నాకు అప్పుడు తట్టలేదు.

పెద్దమ్మ భర్త సంగతి చెప్పాలి. చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఈ లోయ మొహం కూడా చూడని పెద్దమనుషులు రాజధానిలో కూర్చుని మా కొండనీ, వాగునీ, చెట్లనీ బంగారు గనుల కోసం ఒక విదేశీ కంపెనీకి రాసిచ్చేశారు. ఆ ఒప్పందంలో మా ఇళ్ళ ఊసు లేదు, చేల ఊసు లేదు. ఒక్క మినహాయింపు ఉంది. సమాధికి వంద అంగల లోపల తవ్వకూడదు. మాలో సమాధుల కోసం మూడు తరాలు కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాలున్నాయి కాబట్టి, భయపడి ఆ ముక్క మాత్రం రాయించారు.

ఆ కంపెనీ వాళ్ళ దేశపు మేస్త్రీ ఒకడు ముందస్తు కేక అయినా వెయ్యకుండా మందు పెట్టి కొండ పేల్చాడు. చేలో కలుపు తీస్తున్న పెద్దమ్మ భర్త మీద బండ పడింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. మా మేజిస్ట్రేటు గారు మేస్త్రీని కట్టి తెప్పించారు. నాలుగో రోజుకి ఆ దేశపు ప్రతినిధి కాన్సల్ దొర దగ్గర్నుంచి ఉత్తరం దిగింది. "మా దేశస్థుణ్ణి విచారించే అధికారం మీ కచేరీకి లేదు. ఎవరి మనిషిని వారి కోర్టే విచారించాలి." అంతే. దొర తన కోర్టులో ఒక్క పూటలో విచారణ ముగించాడు. మేస్త్రీ అదే దారిన ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. పెద్దమ్మని సాక్ష్యానికైనా పిలవలేదు.

ఆ ఉత్తరం తర్వాత మా కచేరీ దస్త్రంలోంచి మాయమైంది. దాన్ని పోగొట్టానని మేజిస్ట్రేటు గారు నన్ను నానా మాటలూ అన్నారు. పక్కనే ఉన్న తాక్ గారు కూడా, "అజాగ్రత్త వెధవ!" అని ఒక మాట కలిపారు.

గుమాస్తా గారికి పూర్వీకులు గుర్తుకు రావడం మొదలైంది ఆ మరుసటి వారం నుంచే.

ఆఖరికి కంపెనీవాళ్ళు పెద్దమ్మ వాలు మీద కన్నేశారు. ఇల్లు పీకెయ్యమని కబురు పెట్టారు. అక్కడ మా నాయనమ్మ ఉందంటూ తాక్ గారు అడ్డుపడ్డారు. అప్పటికి తాతలు ఇరవై ముగ్గురు, సమాధికి వంద అంగల చొప్పున లెక్కేస్తే ఏ పేదవాడి చేనూ వదలకుండా లోయంతా ఆ హద్దులోనే. తగువు రాజధానికి పోయింది. కాన్సల్ దొర ఇక్కడి కంపెనీ దుబాసీని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు. ఊరంతా పెద్దమ్మ పెరట్లో చేరింది.

దొర చెప్పినదాన్ని దుబాసీ మాకు చెప్పాడు. "ఒప్పందంలోని మ్యాపులో ఈ సమాధి లేదంటున్నారు."

"మా నాయనమ్మ లేని మ్యాపు తప్పుల మ్యాపు!"

"అయితే తవ్వి చూద్దామంటున్నారు."

తాక్ గారు పార పక్కన పెట్టి, టోపీ సర్దుకుని, కాగితం లేకుండా గడగడా ఒప్పజెప్పారు. "ఎవరి మనిషిని వారి కోర్టే విచారించాలి. ఈ మాట దొరగారిదే. దిబ్బ కింద ఉన్నది మా దేశస్థురాలు. ఆవిణ్ణి కదిలించాలంటే మా కచేరీలో అర్జీ పెట్టుకోవాలి. వారసుడు ఒప్పుకోవాలి. వారసుణ్ణి నేనే. ఒప్పుకోను."

దొర మొహం కందగడ్డలా అయింది. "అసలు అది సమాధేనని సాక్ష్యం ఏది? ఈ ఇంటావిణ్ణి అడగండి."

పెద్దమ్మకి ఆయనంటే ఒళ్ళుమంట. ఆ దిబ్బ కొత్తదని ఆవిడొక్క మాటంటే ఇల్లూ పోతుంది, చేనూ పోతుంది.

పెద్దమ్మ దిబ్బ వైపు చూసింది. చేను వైపు చూసింది. తన గుమ్మం నుంచి దిబ్బ దాకా చూపుతోనే కొలిచింది. తర్వాత తాక్ గారి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆయన చప్పున ఆకాశంలోకి చూడడం మొదలుపెట్టారు.

"సాక్ష్యమా?" అని ఒక్కసారిగా విరుచుకుపడింది. "ఈ ముసలాయన నాయనమ్మ మీద మిరపకాయలు ఆరబోస్తున్నానని మూడేళ్ళుగా నన్ను కాల్చుకు తింటున్నాడు! సంతకొచ్చే ప్రతివాణ్ణీ అడగండి! సమాధి కాకపోతే నాకిన్ని తిట్లెందుకయ్యా? ఏం దుబాసీ, పోయినేడు అక్కడ కూర్చుని చుట్ట కాలుస్తుంటే నీకు పడలేదూ?"

"పడ్డాయి. పారెత్తుకుని తరిమారు కూడా," అన్నాడు దుబాసీ మా భాషలో. తర్వాత తల దించుకుని దొరకీ అదే చెప్పాడు.

మా న్యాయస్థానాల్లో సమాధికి కావలి కాయడాన్ని మించిన రుజువు లేదు. మూడేళ్ళ కావలికి లోయంతా సాక్షులే. దొర గుర్రమెక్కాడు.

జనం వెళ్ళిపోయాక పెద్దమ్మ ఆయన ముందు ఒక గిన్నె బియ్యం సారా ఠక్కున పెట్టింది.

"లోపల ఎవరున్నారు?"

"నోర్ముయ్యి. మా నాయనమ్మ."

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు అంత బాగా తిట్టేదానివా?"

ఆరేళ్ళ తర్వాత తాక్ గారు పోయారు. తనని ఆ దిబ్బలోనే పెట్టమని చెప్పి మరీ పోయారు. గొయ్యి తీసింది నేనే. రెండడుగుల లోతులో నూనె కాగితంలో చుట్టిన మూట తగిలింది. విప్పితే కాన్సల్ దొర ఉత్తరం. దాన్ని పోగొట్టానని నేను పడ్డ తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ ఉత్తరం ఆయన కాళ్ళ కిందే ఉండేలా సర్దాను.

ఇప్పుడు పండక్కి ఇరవై మూడింట్లో ఇరవై రెండు సమాధుల మీద గడ్డి కోసేది మా ఊరే. ఆ ఒక్క దిబ్బ జోలికి మాత్రం పెద్దమ్మ ఎవర్నీ రానివ్వదు. మొన్న పొరపాటున దాని అంచు మీద కాలు వేశాను.

"ఒరేయ్ హామ్! కళ్ళు కనబడవా? దిగు! మా ముసలాయన!"

గబుక్కున దిగాను. దిబ్బ మీద చాపంతా ఎర్రటి మిరపకాయలు.

"మరి ఆయన మీద ఇవేంటి పెద్దమ్మా?"

"ఎండ అక్కడే తగుల్తోంది. ఆయనకి అభ్యంతరమైతే లేచొచ్చి అరవమను."