వేపాకు చేదు తగలని సాయంత్రం

మొన్న సాయంత్రం నేను చచ్చిపోయేనండీ! నవ్వకండి. దీపాలు పెట్టే వేళకి మా వీధి వీధంతా ఒప్పేసుకుంది. అందరికంటే ముందు నేనే ఒప్పేసుకున్నాను.

మలికిపురంలో పెళ్లి భోజనం లాగించి, కొబ్బరితోటలోంచి అడ్డదారిన వస్తున్నాను. బురద కదాని చెప్పులు చేత్తో పట్టుకున్నాను. కాలికింద ఏదో సర్రుమంది, మడమలో చురుక్కుమంది. పామే! వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. ఒకటే పరుగు, వచ్చి మా అరుగు మీద పడ్డాను.

పక్కింటి వీరన్న బాబాయిగారు కొబ్బరితాడు తెచ్చి మోకాలి కింద బిగించేసేరు.

"ఉండరా, వేపాకు నమిలిద్దాం. చేదు తెలిసిందా, భయంలేదు. తెలీలేదా, విషం ఎక్కేసినట్టే!"

మా వైపు పాముకాటుకి ఇదేనండీ పరీక్ష. గుప్పెడు ఆకు నోట్లో కుక్కేరు.

"చేదుందా?"

"లేదు బాబాయ్!"

"సరిగ్గా నములు!"

"గడ్డి నమిలినట్టుంది. నాలిక కూడా మండిపోతోంది బాబాయ్!"

చుట్టూ మూగిన జనం ఘొల్లున ఏడ్చేరు. రాజోలు ఆస్పత్రికి వెళ్దామంటే తెల్లారితేగానీ పడవ లేదు. "కాలు కోసి చెడునెత్తురు తీసెయ్యాలి" అని బాబాయిగారు కొబ్బరిబొండాల కత్తి నూరడం మొదలెట్టేరు. ఆ చప్పుడు వింటూంటే పామే నయమనిపించింది.

అప్పుడొచ్చిందండీ మా ఆవిడ, పెరట్లో పాలు పితికే చెంబుతో. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తేనా! "కాస్త ఆగండి బాబాయిగారూ" అంటూ మిగిలిన వేపాకు తీసి తన నోట్లో వేసుకుంది. మొహం వంకరపెట్టి, థూ అని ఉమ్మేసింది.

"ఆకు చేదుగానే ఉంది. ఏవండీ, ఏదీ నాలిక చాపండి."

చాపేను. లాంతరెత్తి చూసింది.

"పెళ్లిలో కిళ్లీలు ఎన్ని వేసుకున్నారు?"

"ఊరికే ఇస్తున్నారని... లెక్కపెట్టలేదే!"

"సున్నానికి నాలికంతా పొక్కిపోయింది. ఇంక చేదెలా తెలుస్తుందండీ?"

మడమ కడిగి, పిన్నీసుతో కెలికింది. ఇంత ఈతముల్లు బయటపడింది! అక్కడితో ఊరుకుందా? లాంతరు పట్టుకుని తోటలోకి వెళ్లి, నేను తొక్కిన ఎండు ఈతమట్టని ఈడ్చుకొచ్చి అరుగు ముందు పడేసింది.

"ఇదిగోనండీ మీ పాము."

తాడు విప్పేక కాల్లోకి నెత్తురు జివ్వున దిగుతూంటే, అబ్బ, ఎంత హాయో! నిజం చెప్తున్నాను, కళ్లంట నీళ్లొచ్చేసేయి. బాబాయిగారు మాత్రం కత్తి వదల్లేదు. "ఎందుకైనా మంచిది, ఓ గాటు పెట్టేద్దామా?" అంటారు!

మా ఆవిడ నన్ను లోపలికి నడిపించుకెళ్తూ, ఎంతో మర్యాదగా ఒక్కమాటే అంది.

"ఈసారి చచ్చిపోయేటప్పుడు ముందు నాకు చెప్పండి. నిజంగా పోయేరో లేదో నేను చూసి చెప్తాను."

"ఆయ్, అలాగేనే" అన్నాను.