ఎనిమిది లక్షలని చెప్పిన శుక్రవారం

పన్నెండేళ్లుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. కాదు, తొమ్మిదేళ్లే. చూశారా, మోసే బరువును కూడా పెంచి చెప్పబోయాను. నా నోటి తీరే అంత. కువైట్‌లో, సల్వా అనే పేటలో ఒకే ఇంట్లో డ్రైవరుగా చేస్తూ, ఊరికి పోయినప్పుడల్లా షేకు దగ్గర మేనేజరునని చెప్పుకున్నవాణ్ణి. ఈ ఒక్క సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు మీ చెవిన వేస్తాను.

ముందు నా కోపం చెప్పనివ్వండి. అది అబద్ధం కాదు.

కువైట్‌లో పనిచేసి మంచాన పడినవాళ్ల కోసం ఇక్కడి తెలుగు సార్లు, ఇంజనీర్లు, డాక్టర్లు చందాలేసుకుని మా జిల్లాలో ఒక ఆశ్రమం నడుపుతారు. మంచం, మందులు, ఒళ్లు తుడిచే ఆయా, అన్నీ ఉచితం. ఐదు లక్షలకు మించి దాచుకున్నవాళ్లకు మాత్రం లేదు. సరే, న్యాయమే. కానీ మొగుడిదీ పెళ్లాందీ కలిపి లెక్కేసేవాళ్లు. ఇదేం న్యాయం? మా ఆమె ఇక్కడే అర్దియా పేటలో పదహారేళ్లు ఒకరింట్లో బాత్రూములు కడిగింది. మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, ఆమె బిడ్డలను ముగ్గురిని చంకనేసుకుని పెంచింది. ఆ జీతం ఆమెది, నా జీతం నాది. ఊరి బ్యాంకులో ఇద్దరి పేరునా ఒకే ఖాతా ఉన్న పాపానికి, కాలూ చేయీ పడిపోయిన మనిషిని నీ మొగుడికుంది పో అనడమా? అదంతా ఆమెకే పెడితే ఆ మొగుడు రేపు ఏం తినాలి? ఏసీ గదుల్లో కూర్చుని రాసిన రూలు! మనవాళ్లు పదిమంది చేరిన ప్రతిచోటా, సార్ల ముఖాల మీదే తిట్టాను.

తిట్టే హక్కు నాకుందా? ఈ ప్రశ్ననే ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను.

ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మామా టికెట్టు కొనిచ్చి పంపేసింది. ఊర్లో ఆమె అక్క ఇంట్లో దించి వచ్చి, ఆశ్రమానికి అర్జీ పెట్టాను. విచారణకు ఒక ఇంజనీరు సారు శుక్రవారం పూట మావాళ్ల గదికి వచ్చాడు. బిర్యానీకి చేరిన పదిహేను మందీ మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఏళ్ల తరబడి నేను గొప్పలు పోయింది వాళ్ల దగ్గరే.

ఇద్దరిదీ కలిపి బ్యాంకులో ఎంతుంటుందని సారు మెల్లగా అడిగాడు. ఉన్నది మూడు లక్షలు. అందరూ తినడం ఆపి నా వైపు చూశారు. ముప్పై ఏళ్లు కువైట్‌లో ఉండి మూడేనా అనుకోరా? ఎనిమిది దాకా ఉంటుంది సార్ అన్నాను.

ఐదు దాటితే రాదని నాకు తెలుసు. తెలిసీ ఎందుకన్నాను? సారును మర్నాడు ఒంటరిగా కలిసి పాస్‌బుక్ చూపిద్దాంలే అనుకున్నానేమో. లేదన్నవాణ్ణి కాగితం అడుగుతారు, ఉందన్నవాణ్ణి ఎవరడుగుతారు? ఆయన నా చేతులు పట్టుకుని, రూలు ఒప్పుకోదు పెద్దాయనా అని నొచ్చుకుంటూ పోయాడు. మర్నాడు నేను పోలేదు. ఆ వారం పోలేదు. పోతే ఆ మాట గదిలో పొక్కదా? నా పరువు, సిగ్గులేని పరువు, ఆమె మంచం కంటే పెద్దదైపోయింది.

ఆమె ఫోన్లో అడిగింది. "ఐదు దాకా ఉంటే ఇస్తారంట కదయ్యా. మనది మూడే గదా?"

"ఆ రూలు మార్చినారు మే. ఇప్పుడు రెండంట."

"పోనీలే. నాకోసరం యాడాడ తిరిగినావో ఏమో. అన్నం తిన్యావా?"

తిన్నానన్నాను.

ఆ మూడు లక్షలూ ఆయాలకే రెండేళ్లలో అయిపోయాయి. తర్వాత ముసలి అక్క ఒక్కతే ఆమెను పక్కకు తిప్పాల్సి వచ్చేది. తిప్పలేకపోయేది. సెలవుకు పోయి చూస్తే వీపంతా పుండ్లు. నాలుగేళ్లు అట్లా ఉండి కన్నుమూసింది. ఆ కర్మకాండ కాగానే తిరిగొచ్చి రూలు మీద పడ్డాను. ఎంత గట్టిగా అరిస్తే నా మాట నాకు అంత వినబడకుండా ఉండేది.

నా అరుపులకే రూలు మారింది. ఇప్పుడు ఎవరి సగం వాళ్లదే. పోయిన నెల సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఎనిమిదిలో సగం నాలుగేనని, ఈ మార్పు అప్పుడే వచ్చుంటే ఆ తల్లికి మంచం దక్కేదని మైకులో చెప్పారు. తర్వాత మైకు నా చేతికీ ఇచ్చారు. ఉన్నది మూడే, పాత రూల్లోనే దక్కేదని చెప్పొచ్చు. చెప్పకుండానే దండం పెట్టి దిగిపోయాను.

ఆ రూలు చెడ్డదే. ఇప్పటికీ అంటాను. కానీ మా ఆమెను అది తాకనే లేదు. ఆమె మంచం పోగొట్టింది నేను. ఆమె అక్క నన్ను ఇంకా దేవుడనే అంటుంది, ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీకు చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.