సత్తెమ్మ చెంబు నీళ్ళు

ఆకాశం నుంచి పడ్డ రాయిని సత్తెమ్మ పాడుచేసిందన్నారు. ఒక సైన్సు ప్రదర్శనలో, పదిమంది ముందు, ఒక లెక్చరరు అన్నాడు: "నీళ్ళు పోసి పోసి మట్టిబెడ్డ చేశారు. ఇంక ఇది దేనికీ పనికిరాదు."

సత్తెమ్మ నా భార్య. ఇరవై ఏళ్ళ కిందట, కందులు ఆరబోసిన మా కళ్ళంలో పడిందా రాయి. పిడికిలంత ఉంటుంది, బొగ్గులా నలుపు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం దానికి పసుపునీళ్ళ స్నానం చేయించేది. ఆ మాట పడ్డాక రాయిని మళ్ళీ ముట్టలేదు. తులసికి నీళ్ళు పోయాలన్నా చెయ్యి వెనక్కి తీసుకునేది.

నేను బండల మిల్లులో పనిచేస్తూ లైబ్రరీ పుస్తకాలతో చదువుకున్నవాణ్ణి. ఆ లెక్చరరు మొహం నాకింకా గుర్తే. వదిలిపెడతానా? మాదాపూర్‌లో, కొత్త మేడల పునాదుల కోసం రాళ్ళు పరీక్షించే చోట, ఆకాశపు రాళ్ళ గురించి చదివిన అమ్మాయి ఉందని విని గోరంత ముక్క పంపాను. కొన్నాళ్ళకు కబురొచ్చింది, రాయి తీసుకుని రమ్మని.

తాండూరులో పొద్దున ప్యాసింజరు ఎక్కాం. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: కిటికీ పక్క కావాలంటే ముందే రండి, వికారాబాదు దాటితే నిలబడే చోటు కూడా ఉండదు. రాయి టిఫిను డబ్బాలో, నా ఒళ్ళో ఉంది. ఎదుటివాడు హైటెక్ సిటీలో బండలు పేల్చే పనికి పోతున్న కూలీ.

"డబ్బాల ఏందే తాతా, సర్వపిండా?"

"రాయి."

"మేం రాళ్ళు పలగ్గొట్టలేక సస్తుంటే నువ్వు ఇంకోటి తెస్తున్నవా? జర మా మేస్త్రీకి చూపెట్టకు, దానికి గూడ మందు పెడ్తడు!"

పెట్టె అంతా నవ్వింది. సత్తెమ్మ నవ్వలేదు. శంకర్‌పల్లి దగ్గర జొన్నరొట్టెలు విప్పి నాకు పెట్టింది, తను తినలేదు.

"ఆ పిల్ల గూడ గదే మాట అంటే?"

నాకూ అదే అనుమానం. నేను చదివిన ఆకాశపు రాళ్ళన్నీ గట్టివి, పొడివి. ఇది గోటితో గీస్తే రాలుతుంది.

పదిన్నరకు హఫీజ్‌పేటలో దిగి, షేరాటోలో కొత్తగూడకు, అక్కణ్ణుంచి ఇంకో ఆటోలో వెళ్ళాం. ఆటోవాడు మొదట చెప్పిన రేటుకు ఒప్పుకోకండి, నాలుగడుగులు నడిస్తే వాడే వెనక వస్తాడు. ఎర్రదుమ్ములో గుండ్రటి అద్దాల మేడ, చుట్టూ సగం పగిలిన గుట్టలు. రాళ్ళు పరీక్షించే చోటు ఆ పక్కనే.

ఆ అమ్మాయిది కాకినాడ. నేను లెక్చరరు సంగతి ఎత్తుకోగానే, "ఒక్క నిమిషం బాబాయిగారూ, ముందు అమ్మగారు చూడాలి" అని సత్తెమ్మను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"ఏం కనబడుతున్నాయండి?"

"నల్లటి దాంట్ల గుండ్రగ, ఆవగింజల లెక్క."

"వాటి చుట్టూ ఉన్నదంతా బంకమట్టేనండి. నీళ్ళు తగిలి రాయి మట్టిగా మారిన మాట నిజమే."

సత్తెమ్మ లేవబోయింది. ఆ అమ్మాయి భుజం పట్టుకుని ఆపింది.

"మీ నీళ్ళు కాదండీ! ఇది గ్రహశకలం ముక్క. దుమ్మూ మంచూ కలిసి ముద్దయింది. లోపలి వేడికి మంచు కరిగి, ఆ నీళ్ళలోనే రాయి నానింది. ఈ తెల్ల చుక్కలు సున్నంలాంటివి, అవీ అప్పుడు పేరుకున్నవే. అప్పటికి మన భూమి ఇంకా పూర్తిగా తయారవలేదు. వారానికో చెంబు చొప్పున ఎన్నేళ్ళు పోసినా ఇంత మార్పు రాదండి. మీవల్ల వచ్చింది పైన కాస్త తుప్పు, ఇదిగో, ఈ పసుపు."

సత్తెమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. లెక్చరరు మీద కోపం మాత్రం నేను దాచుకున్నాను. మరుసటి వారం వాడి దగ్గరికి పోవాలనుకున్నాను.

సాయంత్రం బండిలో ఇద్దరికీ చోటు దొరికింది. పొద్దుటి రొట్టెలు ఎండిపోయినా సత్తెమ్మ రెండూ తినేసి, నా వంతు పచ్చడి కూడా ఊడ్చింది. పక్కావిడకు తనే డబ్బా తెరిచి రాయి చూపించింది. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయింది.

అంతకుముందు, ఆ అమ్మాయి దగ్గర సెలవు తీసుకుని వచ్చేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఇగ శుక్రారం నీళ్ళు పొయ్యొచ్చా బిడ్డా?" అని అడిగింది. దానికి ఆ అమ్మాయి చెప్పిన జవాబు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది:

"వద్దండి అమ్మగారూ. దానికి స్నానం ఎప్పుడో అయిపోయిందండి."