గౌరమ్మ పక్కన పడిన బొట్టు

అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు గౌరమ్మ మీద పడలేదు. పక్కన తంగేడు పువ్వు మీద పడింది.

సద్దుల బతుకమ్మ నాడు, కోరుట్లలో మా అమ్మవాళ్ల ఇంట్లో, పొద్దు వాలుతున్న వేళ. నడుమింట్లో చాప వేసుకుని అందరం కూర్చున్నాం. బతుకమ్మను పేర్చడం అయిపోయింది. అమ్మ పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, తమలపాకులో పెట్టి, బతుకమ్మ మీద నిలబెట్టింది. తర్వాత ఉంగరపు వేలితో కుంకుమ తీసింది. ఆ వేలు తొందరపడలేదు, వణకలేదు. తిన్నగా వెళ్లి, గౌరమ్మకు రెండు వేళ్ల దూరంలో ఉన్న పువ్వుకు భక్తిగా బొట్టు పెట్టింది.

నా చిన్నబిడ్డ కిసుక్కున నవ్వింది. "అమ్మమ్మ పువ్వుకు బొట్టు పెట్టింది!"

"పువ్వు గౌరమ్మ కాదానె? దానికి గూడ పెట్టాలె" అని అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఎడమచేత్తో మెల్లగా తడిమి, పసుపు ముద్ద అంచు దొరికాక, రెండో బొట్టు పెట్టింది.

అందరూ ఆ మాటకు నవ్వుతున్నారు. నేను ఆ ఎడమచేతిని చూశాను.

నా భయాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నది రెండుసార్లు దగ్గితే నేను న్యుమోనియా దాకా వెళ్లిపోతాను. సిరిసిల్లలో మా ఆయన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. మగ్గం షెడ్డులో కరెంటు పోయి మళ్లీ వచ్చిందంటే చాలు, ఆయన చెయ్యి ఎక్కడుందో అని ఫోన్ చేస్తాను. "చెయ్యి ఫోన్ మీదనే ఉన్నదే తల్లీ" అని విసుక్కుంటాడు. రెండో కాన్పు తర్వాత నిద్ర పట్టని రోజుల్లో, నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఒక ఉపాయం చెప్పింది. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు రాయి, వాటికి మనసులో దండం పెట్టుకో అంది. అప్పటి నుంచి ఒక నోటుబుక్కు నాతో తిరుగుతోంది. పండుగ సెలవులకు తల్లిగారింటికి వచ్చినా బ్యాగులో బట్టల కింద ఉంటుంది.

అందుకని ఆ సాయంత్రం కూడా నన్ను నేనే కసురుకున్నాను. చీకటి గది, పొద్దుగూకింది, ఎవరి వేలైనా పక్కకు పోతుంది అనుకున్నాను. బతుకమ్మను ఎత్తుకుని అందరం ఆడటానికి వెళ్లాం. అమ్మ నా పెద్దబిడ్డ భుజం మీద చెయ్యి వేసి నడిచింది. మనవరాలి మీద ప్రేమ అనుకునేదాన్ని వేరే రోజైతే.

అక్కడ చప్పట్ల మధ్య తిరుగుతూ నేను వెనక్కి లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున రంగు వేసిన గునుగు పూలు ముందేసుకుని అమ్మ పిల్లలతో ఒక ఆట ఆడింది. "ఏది ఎర్రది? ఎవలు ముందుగాల ఇస్తరో చూస్త" అంటే ఇద్దరూ పోటీపడి చేతికి అందించారు. పిల్లలకు పని నేర్పుతోందని మురిసిపోయాను. అది ఆట కాదేమో.

ఇంకా వెనక్కి పోతే, మా గల్లీ. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల నుంచి బస్సు దిగి, గల్లీ మొదట్లో మలుపు తిరగ్గానే, అంత దూరంలో అరుగు మీద కూర్చున్న అమ్మ ఒళ్లో చాట మీంచి తల ఎత్తేది. నేనింకా చెయ్యి ఊపకముందే లేచి నిలబడేది. ఆ లేవడం కోసమే నేను ఆ మలుపు దగ్గర నడక పెంచేదాన్ని. గత రెండు దసరాలకు అమ్మ లేవలేదు. దగ్గరికి వచ్చి "అమ్మా" అన్నాకే తల ఎత్తింది. ఫోన్లు తక్కువ చేస్తున్నానని అలిగిందనుకున్నాను. నేనూ కొంచెం అలిగాను.

అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న పోయాక నన్నూ అన్ననూ పెంచింది ఆ చాటే. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, ఇవన్నీ అమ్మ వేళ్లు వాటంతట అవే చేస్తాయి. చాట వంక చూడదు. టీవీ వైపు తిరిగి కూర్చుని సీరియల్ నడుస్తుండగా చుడుతూనే ఉంటుంది. మా బంధువుల్లో అదొక గొప్ప. "చూడకుండ చుడ్తది చూడు" అని చెప్పుకుంటాం. చూడకుండా చుట్టే మనిషికి చూపు తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

ఆడి వచ్చాక, సద్దుల ప్రసాదంగా మలీద పంచిన గిన్నెలు కడుగుతూ వదినను అడిగాను. మా అన్న భార్య. అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది.

"వదినా, అమ్మకు కండ్లు కనపడ్తలేవా?"

వదిన గిన్నె తోమడం ఆపింది. "నాకు తెల్వదు అని చెప్పమన్నది."

"ఎవలు?"

"ఇంకెవలు, మీ అమ్మనే. ఒట్టేయించుకున్నది నాతోని. ఏడాది సంది ఆకు నేనే కత్తిరిస్తున్న. వేళ్లు గుంజుతున్నయన్నది మొదట. మొన్న సంక్రాంతికి చెప్పింది, మోతిబిందు అచ్చినట్టున్నదని. పండుగలన్ని అయినంక తీపిచ్చుకుంటదట. మోతిబిందుకు తొందరేమున్నది, పండితే మంచిగ తీస్తరు అంటది."

మా ఇళ్లల్లో వయసు మీద పడ్డాక చూపు మసకబారితే అది మోతిబిందే, కంటి శుక్లమే. మామిడికాయ లాగా దాన్ని కూడా మాగబెడతాం.

అమ్మ మంచం మీద కూర్చుని కాళ్లకున్న పసుపు కడుక్కుంటోంది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే నువ్వు పంటవా?" అంది అమ్మ, చెంబు పక్కన పెడుతూ. "పిల్లకు జలుబైతె రాత్రంత కూసుంటవు. నా కండ్ల ముచ్చట చెప్తే నీ నిద్ర గూడ నేనే తిన్నట్టయితది. మోతిబిందే గద బిడ్డా. కింద పడ్డనా, మీద పడ్డనా?"

"రేపు జగిత్యాల పోతున్నం."

"ఎల్లుండి దసరా పెట్టుకొని దవాఖానకా? ఎవలన్న నవ్వుతరు."

"నవ్వనీ."

అమ్మ నా గొంతు విన్నట్టుంది. పొద్దున ఎన్ని గంటలకు బస్సు అని అడిగింది.

తెల్లారి పిల్లలను వదిన దగ్గర వదిలి ఇద్దరం బస్సు ఎక్కాం. ఆ రోడ్డు మీద నేను మూడేళ్లు డిగ్రీకి తిరిగాను. పరీక్షలప్పుడు రావడం ఆలస్యమైతే అమ్మ కోరుట్ల బస్టాండుకు వచ్చి నిలబడేది. ఒకే రంగు చున్నీలు వేసుకున్న పాతికమంది ఆడపిల్లలు బస్సులోంచి గుంపుగా దిగుతుంటే, నేను రెండో మెట్టు మీద ఉండగానే నా పుస్తకాల సంచి అందుకునేది. ఎట్ల పట్టినవే అంటే, "నీ నడకనే చెప్తది, ఏదో పోగొట్టుకున్నదాని లెక్క దిగుతవు" అనేది. ఇప్పుడు జగిత్యాలలో బస్సు దిగేటప్పుడు ఆమె నా చున్నీ కొస పట్టుకుంది. మెట్టు ఎంత లోతుందో కాలితో వెతుక్కుంది. ఒకప్పుడు నన్ను గుంపులోంచి ఏరిన కళ్లు అవి.

కంటి దవాఖానలో అమ్మను ఒక మిషన్ ముందు కూర్చోబెట్టారు. లోపల ఎక్కడ వెలుగు చుక్క కనిపించినా చేతిలో బటన్ నొక్కాలి. నేను తెర బయట నిలబడ్డాను. టక్, టక్, టక్ అని చప్పుడు. బాగానే నొక్కుతోంది కదా అని ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో పరీక్ష చేసే అమ్మాయి గొంతు వినిపించింది.

"అమ్మా, కనపడ్తేనే నొక్కాలె. చుక్క రాకముందే నొక్కుతున్నరు."

"గట్లనా? నొక్కకపోతె ఫెయిలనుకుంటవేమో అని నొక్కుతున్న బిడ్డా."

ఆ అమ్మాయి నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి టక్ మనడానికీ మళ్లీ టక్ మనడానికీ మధ్య చాలాసేపు పట్టింది. తెర అంచు పట్టుకుని ఆ చప్పుడు కోసం చూశాను. నా జీవితంలో దేనికోసమూ అంతగా చెవి ఒగ్గలేదు.

డాక్టరమ్మ పెద్ద మనిషి. కాగితం మీద రెండు సున్నాలు గీసింది. "మోతిబిందు కాదమ్మా. నీటికాసులు, గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతుంది. నొప్పి ఉండదు, అందుకే ఎవరూ రారు." కుడి కన్నును సూచించే సున్నాను పూర్తిగా నల్లగా దిద్దింది. ఎడమ సున్నా చుట్టూ అంచులు నలుపు చేస్తూ వచ్చి, మధ్యలో చిన్న తెల్లటి చోటు వదిలింది. "పోయింది మళ్లీ రాదు. ఈ తెలుపు నిలబెట్టుకోవచ్చు. చుక్కల మందు రోజూ వేయాలి, ఒక్క పూట తప్పినా ఒప్పుకోను. ఇంకొన్నాళ్లు ఆగి వస్తే ఈ తెలుపు కూడా ఉండేది కాదు."

తర్వాత నన్ను చూసి, ఇది తల్లి నుంచి రావచ్చు, నువ్వు కూడా చూపించుకో అంది. చూపించుకున్నాను. నా కళ్లు బాగున్నాయి. ఆ మాట వినగానే ముందుగా అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు అమ్మకు ఇచ్చాను. ఆమె కిటికీ వైపు చూడలేదు. మెడ ఒక్కటే తిప్పితే సరిపోవడం లేదని భుజాలతో సహా నా వైపు తిరిగింది. తల కొంచెం కుడికి జరిపి, ఎడమకు జరిపి, నా మొహాన్ని ఆ తెల్లటి చోటులోకి తెచ్చుకుంది. అలా చాలాసేపు చూసింది.

"బక్కగైనవు" అంది. "కండ్ల కింద నల్లగైంది. రెండేండ్ల సంది నిన్ను ముక్కలు ముక్కలు చూస్తున్న. ముక్కు కనవడ్తె నోరు కనవడది. నడిమిల పెట్టుకొని చూడాలెనని తెల్వకపాయె."

"నాకు చెప్తే అయిపోతుండె గదనే."

"చెప్తే నువ్వింక బక్కగయ్యేదానివి."

నా భయం ఇంటిల్లిపాదికీ ఎంత బరువో ఆ బస్సులో మొదటిసారి తెలిసింది. అమ్మ తన చూపు పోతున్నా ఆ కష్టాన్ని నా ముందు దించలేకపోయింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నోటుబుక్కు తీశాను. రాయడానికి చెయ్యి రాలేదు. వెనక్కి తిప్పుతూ పోతే కిందటి దసరా పేజీ వచ్చింది. పిల్లలకు దగ్గు లేకుండా పండుగ గడిచిందని రాసుకున్నాను. సాంచెలు ఆపి ఆయన రెండు రోజులు మాతో ఉన్నాడని రాసుకున్నాను. మూడోది ఇది: "ఈ వయసులోనూ అమ్మ కళ్లద్దాలు లేకుండా, చాట వంక చూడకుండా బీడీలు చుడుతోంది. ఆ కళ్లకూ చేతులకూ దండం."

ఆ దండం రాసిన రోజున అమ్మ నాకు నాలుగు అడుగుల దూరంలో టీవీ వైపు తిరిగి కూర్చుని ఉంది. చూడటం లేదు, వింటోంది. నేను తలెత్తి ఒక్కసారి ఆమె కళ్లలోకి చూసి ఉంటే కుడికన్ను అప్పటికి ఎంత మిగిలి ఉండేదో. బుక్కులో మాత్రం మంచి అక్షరాలతో రాశాను.

జగిత్యాల నుంచి వచ్చిన ఆ రాత్రి మూడు సంగతులు దొరకలేదు. ఒక్కటే రాశాను. ఎడమ కన్ను నడిమి భాగం.

దసరా పొద్దున అమ్మ తలస్నానం చేసి, పొడి బట్టతో చాట తుడిచింది. ఏడాదంతా ఒళ్లో ఉండే ఆ చాటకు, ఆకు కొలత రేకుకు, కత్తెరకు దసరా ఒక్కనాడు పని ఉండదు. వాటిని పీట మీద పెట్టి బొట్టు పెడుతుంది, దండం పెడుతుంది. సిరిసిల్లలో ఆ వేళకు మా ఆయన సాంచెలకు అదే చేస్తుంటాడు. నేను పీటను జరిపి అమ్మ మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంచాను. కత్తెర మధ్యలో పెట్టాను. అమ్మ తల అటూ ఇటూ కదిపి, దాన్ని పట్టుకుంది, కళ్లతోనే. వేలు తిన్నగా వెళ్లింది. బొట్టు కత్తెర మీదే పడింది.

"అచ్చింది" అంది, చిన్నపిల్లలాగా.

నేను చుక్కల మందు వేశాను. కన్ను మూసుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ కొత్త గౌన్లు వేసుకుని జమ్మికి ఎప్పుడు పోతామని నా చీర కుచ్చెళ్లు లాగుతున్నారు. ప్రతి ఏడూ వాళ్లు జమ్మి ఆకు తెచ్చి, బంగారమంటూ పక్క నుంచి అమ్మమ్మ చేతిలో కుక్కి, గబుక్కున కాళ్లు మొక్కి, ఇంకో ఇంటికి ఉరుకుతారు. ఇద్దరినీ వాకిట్లోకి తీసుకెళ్లి కింద కూర్చున్నాను. భయపెట్టకుండా చెప్పాలని పొద్దటి నుంచి మాటలు కూడబెట్టుకున్నాను. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది:

"అమ్మమ్మకు పక్కలున్నది కనపడది, ఎదురుంగున్నది కనపడ్తది. సాయంత్రం జమ్మి పెట్టేటప్పుడు ఎదురుంగ పోయి కూసోండ్రి. కాళ్లు తర్వాత మొక్కుదురు గని, ముందు మొఖాలు చూపియ్యుండ్రి. నీ గౌను మీద ఏం పువ్వులున్నయో, నీ పన్ను ఏది ఊడిందో ఆమె చెప్పేదాక కదలకుండ్రి. ఎంతసేపయినా సరే. మిగతా ఇండ్లకు రేపు పోదాం."