అవ్వ వాళ్ళమ్మ పేరు

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే కాగితాల మీద నమ్మకం ఎక్కువ. బాన్సువాడ బస్టాండు వెనక సందులో టైపు నేర్పే పని నాది. పొద్దంతా కాగితాలతోనే సావాసం కాబట్టి, ఎవరు ఏది మర్చిపోయినా "ఎక్కడో ఒక కాడ రాసే ఉంటది తియ్యి" అనేదాన్ని, అక్కడికి నేనే రాసిపెట్టినట్టు. ఇప్పుడు తల్చుకుంటే ఆ ఇరవై రెండేళ్ల పిల్లను పిలిచి నెత్తిన రెండు మొట్టికాయలు వేయాలనిపిస్తుంది. వేసినా లాభం లేదు, చేయాల్సిందంతా అది అప్పటికే చేసేసింది.

మా ఇంట్లో ఏటా పెత్రమాసనాడు, పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. నాన్న తన వాళ్ళకిచ్చాక వాళ్ళమ్మ, మా అవ్వ, ముందుకొచ్చేది. అవ్వకు అన్నదమ్ములు లేరు, పుట్టింటి పెద్దలకు ఆమే ఇచ్చుకోవాలి. తండ్రి పేరు చెప్పేది. తల్లి పేరు దగ్గర ఆగిపోయేది. అవ్వ పాకే వయసులో తల్లి పోయింది. నిజాంసాగర్ కట్టినప్పుడు ఊరు మునిగి తలా ఒక దిక్కు అయ్యారు, తర్వాత తండ్రీ పోయాడు. ఆ కాలంలో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడు. అత్తగారింట్లో ఆ తల్లిని "కొత్తపిల్ల" అనేవాళ్ళట. ఇంకో పిలుపు వచ్చేంత కాలం ఆమె బతకనే లేదు. అయ్యగారు మంచివాడే కానీ పట్టింపు మనిషి. "మా అమ్మ అంటె ఎట్లవ్వా, అమ్మలు అందరికుంటరు. పేరు లేకుంటె ఎవలికి ముట్టాలె గీ బియ్యం?" అనేవాడు. అవ్వ తప్పు చేసినదానిలా తలకాయ దించుకునేది. ఆ ఏడు నాకు ఒళ్ళు మండింది. "వచ్చే పెత్రమాసకు పేరు నేను తెస్త. మునిగిన ఊర్ల కాయితాలు సర్కారు కాడ ఉంటయి" అన్నాను (నన్నెవరూ అడగలేదు). అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నిజంగనా బిడ్డా? నేను పోయేలోపల ఒక్కసారన్న ఆమెను పేరు పెట్టి పిలుస్తనా?" అంది. ఆ మాటతో నాకు భయం కలగాల్సింది, గర్వం కలిగింది.

సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కాను. ఈ ఆఫీసువాళ్ళు ఆ ఆఫీసన్నారు, ఆ ఆఫీసువాళ్ళు భోజనం తర్వాత రమ్మన్నారు. ఎనిమిది నెలలకు ఒక చీకటి గదిలో ఎలుకలు తినగా మిగిలిన కట్టలు చూపించారు. అన్నీ ఉర్దూ. నేను పట్టుదలగా అక్షరాలు నేర్చుకుని, అవ్వ పుట్టిన ఊరి పేరున్న ఒక పేజీని మూడు గంటలు కూర్చుని చేత్తో దించుకుని, మున్షీ సాబ్ దగ్గరికి ఉరికాను. ఆయన నలభై ఏళ్ళు ఉర్దూలో అర్జీలు రాసిన ముసలాయన. అద్దాలు తుడుచుకుని, మొత్తం చదివి, నా మొహం చూసి కొంచెం జాలిపడ్డాడు. "గిది దొరగారి గుర్రం దాణా లెక్క బేటీ. డ్యాం పని సూడనీకి వచ్చి గీ ఊర్ల దిగిండు. గుర్రం పేరు మోతీ. ఎంత సక్కగ రాసిండ్రు సూడు."

నా మీద దయతో ఆయనే నాతో వచ్చి రెండు రోజులు కట్టలన్నీ చదివాడు. అవ్వ తండ్రి దొరికాడు. ఆయన ఇల్లు, రెండు మామిడిచెట్లు, ఒక చింతచెట్టు, రాతి బావి, అన్నీ దొరికాయి. "ఆయన భార్య?" అన్నాను. "ఆడోళ్ళను రాయలేదు బేటీ. చెట్టు మునుగుతది, గందుకే రాసుకున్నరు. ఆడిమనిషి నడిచి పోతది గద" అన్నాడు. అందులో ఎగతాళి లేదు, ఉన్నమాట చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీవైపు మొహం తిప్పుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చి పేరు దొరకలేదని చెప్పి ఉండొచ్చు. రోజూ రేపు చెబుదామనుకున్నాను. పెత్రమాస వచ్చేసింది. అవ్వ కొత్త చీర కట్టుకుని, వాడకట్టు వాళ్ళందరినీ పిలిచి, "మా మనుమరాలు మా అమ్మను దొరకపట్టింది" అని చెప్పుకుంటూ కూర్చుంది. అయ్యగారు నావైపు తిరిగి, "ఏం పేరమ్మా?" అన్నాడు. అంత వెతుకులాటలో నా బుర్రలో మిగిలిన పేరు ఒక్కటే. మోతీ అంటే ముత్యం. "ముత్తవ్వ" అన్నాను.

అవ్వ ఆ పేరు నాలుగైదుసార్లు మెల్లగా అనుకుంది. తర్వాత చిన్నపిల్లలా ఏడ్చింది. "గిదే బిడ్డా, గిదే. తెల్లగుంటుండెనట, గందుకే ముత్తవ్వ అన్నరు" అంది. తెల్లగా ఉండేదని ఆమెకెవరు చెప్పారో నాకు తెలియదు. ఆ రోజు నుంచి పచ్చిమంచినీళ్ళు తాగినా ముత్తవ్వ పేరు తలుచుకునేది. నిజం చెబుదామని రెండుసార్లు పక్కన కూర్చున్నాను. రెండుసార్లూ ఆమె కాళ్ళు ఒత్తి లేచొచ్చాను.

ఆమె ఇంకో పదేళ్ళు బతికింది. ఆఖరి వారం నాతో, "ఇగ ఫికర్ లేదు బిడ్డా. ఆడ ఎంతమంది ఉన్నా పేరు పెట్టి పిలుస్త, అమ్మ పలుకుతది" అంది. చావు కాగితం రాయించడానికి నేనే వెళ్ళాను. రాసేటాయన తల్లి పేరు అడిగాడు. తడుముకోకుండా చెప్పాను. అట్లా చివరికి ఆ పేరు సర్కారు కాగితంలోకెక్కింది, రేపు ఎవరైనా మా వంశం వెతికితే దొరుకుతుంది కూడా.

ఇప్పుడు ఏటా ముత్తవ్వ పేరు మీద బియ్యం నేనిస్తున్నాను. ఇస్తూ ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తల్చుకుని నవ్వుకుంటాను, కాసేపే. అక్కడెక్కడో అంతమందిలో నిలబడి అవ్వ "ముత్తవ్వా" అని పిలుస్తూ ఉంటుంది. వాళ్ళమ్మ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది, తిరిగి చూడదు. ఒక తెల్ల గుర్రం మాత్రం చెవులు రిక్కిస్తుంది.